చివరి ఆకుమీది పేర్లు: విశ్వవిద్యాలయ గ్రంథాలయ సిబ్బంది సమష్టి సేవ

తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి చివరి ఆకు విలువ తెలియనిది కాదు. కావ్యం ముగిసి, ఆశ్వాసాంత గద్య కూడా ముగిసిన తరువాత మిగిలిన కొద్దిపాటి చోటులో చాలా ప్రతులలో లేఖకుడు తన మాట చెప్పుకుంటాడు. ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథినాడు వ్రాత పూర్తయినదో, ఎవరి కోరికపై వ్రాసినాడో, తానెవరో తెలుపుతాడు. తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దుకోవాలని వేడుకుంటాడు. నడుము వంగి, మెడ పట్టి, చూపు నిలిపి వ్రాసిన ఈ గ్రంథాన్ని నీటి నుండి, నూనె నుండి, వదులు కట్టు నుండి కాపాడమని అప్పగింతలు పెడతాడు. పాఠ పరిష్కర్తకు ఆ నాలుగు వాక్యాలు కాలనిర్ణయానికి, ప్రతి నిర్ణయానికి ఆధారాలు. అంతటితో వాటి ప్రయోజనం తీరదు. మహాకవి మాట సయితం ఒక సామాన్యుని చేతిమీదుగానే మనదాకా వచ్చిందనే సత్యానికి ఆ చివరి ఆకు సాక్ష్యం.

లేఖకుడు చేసిన పనిలో వ్రాత భాగాన్ని ముద్రణాలయం తీసుకున్నది. కాపాడే భాగాన్ని, చేరవలసినవారికి చేర్చే భాగాన్ని గ్రంథాలయం తీసుకున్నది. విద్యాపీఠాలలో ఆ బాధ్యత మరింత గురుతరమైనది. అక్కడికి వచ్చేవాడు కాలక్షేపానికి రాడు. ఒక పాఠాంతరం కోసమో, ఒక శాసన పంక్తి కోసమో, ఎప్పుడో ఆగిపోయిన ఒక పత్రికలోని నాలుగు పుటల కోసమో వస్తాడు. అది దొరికితే అతని సిద్ధాంతం నిలుస్తుంది, దొరకకపోతే ఆగుతుంది. ఇంతటి బాధ్యత వహించే విశ్వవిద్యాలయ గ్రంథాలయ సిబ్బందికి మాత్రం చివరి ఆకు లేదు. వారి పేర్లు వ్రాసే చోటు ఏదీ మన విద్యావ్యవస్థలో ఏర్పడలేదు. ఈ లోపం కేవలం మర్యాదకు సంబంధించినదా, లేక విద్యకు సంబంధించినదా అన్నది విచారించదగిన విషయం.

ఒక పుస్తకం గ్రంథాలయంలో ప్రవేశించి పాఠకుని చేతికి వచ్చేదాకా ఎన్ని చేతులు మారుతుందో సాధారణంగా ఎవరూ లెక్కించరు. ఆచార్యుల సూచనల ననుసరించి ఒకరు జాబితా తయారు చేస్తారు. అది ఇప్పటికే ఉన్నదో లేదో మరొకరు సరిచూస్తారు. పుస్తకాల కట్ట వచ్చిన తరువాత బిల్లుతో పోల్చి, పుటలు చెదిరినవో, ఫారం ఏదైనా లోపించినదో పరిశీలించి, పరిగ్రహణ పట్టికలో ఎక్కిస్తారు. ఆ సంఖ్యను ముఖపత్రం వెనుకా, ఆ గ్రంథాలయం వారికి మాత్రమే తెలిసిన ఒక రహస్య పుటమీదా వేస్తారు. ముఖపత్రం చినిగిపోయినా, ఎవరైనా చింపినా ఆ పుస్తకం ఎవరిదో ఆ రహస్య పుట చెబుతుంది. తరువాత వర్గీకర్త విషయ నిర్ణయం చేస్తాడు. సూచీకర్త కర్తృనామాన్ని స్థిరపరుస్తాడు. మన భాషలలో ఇది సులువైన పని కాదు. ఇంటిపేరు ముందా, వ్యక్తి పేరు ముందా, బిరుదమా, కలంపేరా, ఒకే పేరుగల ఇద్దరు శాస్త్రులలో ఈయన ఎవరు అన్న ప్రశ్నలు దినదినమూ ఎదురవుతూనే ఉంటాయి. ఆ తరువాత వీపున చీటీ అంటించేవారు, అరలో పేర్చేవారు, ఇచ్చి పుచ్చుకొనేవారు, తిరిగి వచ్చినదాన్ని యథాస్థానంలో ఉంచేవారు, కుట్టు ఊడినప్పుడు బైండు చేసేవారు, ఏడాదికొకసారి దుమ్ములో నిలబడి తనిఖీ చేసేవారు. పాఠకునికి కనిపించేది వీరందరిలో చివరివాడొక్కడే. పుస్తకం దొరికితే ఆ చివరి చేతికి ఒక నమస్కారం. దొరకకపోతే మొత్తం గ్రంథాలయానికి ఒక నింద.

ఈ పనుల వ్యవస్థను మన దేశంలో శాస్త్రంగా తీర్చిదిద్దిన మహనీయుడు శియాళి రామామృత రంగనాథన్. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధిస్తూ ఉండిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలక పదవిని స్వీకరించారు. లండనులో శిక్షణ పొంది 1925లో తిరిగివచ్చి, సుమారు రెండు దశాబ్దాలపాటు ఆ గ్రంథాలయాన్నే తన ప్రయోగశాలగా చేసుకున్నారు. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను, 1933లో కోలన్ వర్గీకరణను, 1934లో సూచీకరణ నియమావళిని ప్రకటించారు. 1935 నాటి గ్రంథాలయ పరిపాలన గ్రంథంలో ఏ విభాగం ఏ పనిని ఏ క్రమంలో చేయాలో విశ్లేషించారు.

పంచసూత్రాలు మన కళాశాలల గోడలమీద కనిపిస్తూనే ఉంటాయి. గ్రంథాలు ఉపయోగం కోసం. ప్రతి పాఠకునికీ అతని గ్రంథం. ప్రతి గ్రంథానికీ దాని పాఠకుడు. పాఠకుని కాలాన్ని పొదుపు చేయాలి. గ్రంథాలయం పెరిగే జీవి. ఈ అయిదింటినీ నిదానంగా చదివినవారికి ఒక విశేషం స్ఫురించక మానదు. వాటిలో గ్రంథం ఉన్నది, పాఠకుడున్నాడు, గ్రంథాలయమున్నది. గ్రంథపాలకుడు లేడు, అతని సహచరులూ లేరు. వివరణ భాగంలో సిబ్బందిని గూర్చి రంగనాథన్ విపులంగానే చర్చించారు గాని, సూత్రాలలో వారి ప్రసక్తి రాలేదు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ కర్త అధ్యాహార్యం. పాఠకునికి గ్రంథాన్ని చేర్చేది ఎవరు? కాలాన్ని పొదుపు చేసేది ఎవరు? క్రియ ఉన్నప్పుడు కర్త ఉండి తీరాలి. ఆ కర్త ఏకవచనం కాదు, బహువచనం. వాక్యంలో వినిపించకపోయినా అన్వయంలో లేకపోతే అర్థం కుదరదు.

ఆ బహువచనాన్ని రంగనాథన్ మరచినవారు కారు. పాఠకుని ప్రక్కన నిలిచి అతని అవసరాన్ని గ్రహించి సహాయపడే రిఫరెన్స్ సేవను గూర్చి 1940లో వెలువడిన గ్రంథాన్ని ఆయన ఒక్కరే వ్రాసినట్లు ప్రకటించలేదు. సి. సుందరం పేరు సహరచయితగా ముఖపత్రంమీద ఉన్నది. ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉన్న 1945-47 నడుమ సుమారు లక్ష గ్రంథాలను స్వయంగా వర్గీకరించి సూచీకరించారని జీవిత చరిత్రకారులు ఆశ్చర్యంతో చెబుతారు. ఆ ఆశ్చర్యం న్యాయమే. అయినా లక్ష గ్రంథాలను అరలనుండి దించడం, చీటీలు మార్చడం, కొత్త క్రమంలో మళ్లీ పేర్చడం ఏ ఒక్కరి బాహువులకూ సాధ్యమయ్యేది కాదన్నది సామాన్య బుద్ధికి తోచే విషయం. మేధ ఒకరిదైనా గ్రంథాలయంలో అది రూపం ధరించాలంటే పదిమంది చేతులు కావలసిందే.

తెలుగు దేశంలోనూ ఇట్టిదే మరొక విస్మృతి కలదు. అబ్బూరి రామకృష్ణారావుగారిని సాహిత్య లోకం కవిగా, నాటక ప్రయోక్తగా స్మరిస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయాన్ని తీర్చిన గ్రంథపాలకులుగా స్మరించేవారు అరుదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కర్తలుగా, చాటుపద్య సంగ్రాహకులుగా చిరస్మరణీయులు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో, ఆపైన తిరుపతిలో ఆయన గడిపిన ఉద్యోగ జీవితం ఆ పరిష్కరణాలకు పునాది అన్న సంగతి పీఠికల చాటున ఉండిపోయింది. కవులైన గ్రంథపాలకులే కవిత్వం వల్ల మాత్రమే గుర్తుంటే, కవిత్వం వ్రాయని గ్రంథాలయోద్యోగి దేనివల్ల గుర్తుండాలి?

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయపు లిఖిత గ్రంథ విభాగంలో జరిగిన సంగతి ఈ ప్రశ్నకు కొంత దారి చూపుతుంది. అక్కడ ఒక యువకుడు అంతగా ప్రసిద్ధం కాని ఒక యక్షగానానికి పాఠ పరిష్కరణం చేస్తూ ఉండేవాడు. దొరికిన ప్రతులు రెండు. రెండింటిలోనూ నడుమ ఒకేచోట భాగం లోపించింది. రెండూ ఒకే శిథిల మాతృకనుండి పుట్టినవని దానివల్ల తేలిందే గాని లోపం పూరింపబడలేదు. సూచీపత్రంలో మూడవ ప్రతి లేదు. ఇతర భాండాగారాలకు వ్రాసిన ఉత్తరాలకూ లేదనే సమాధానం వచ్చింది. గడువు దగ్గర పడింది. ఆ భాగం లేకుండానే సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించడానికి ఆయన సిద్ధపడ్డాడు.

ఆ విభాగంలో ఒక రికార్డు అసిస్టెంటు ఉండేవాడు. తాళపత్రాలను ఆరుబెట్టడం, మెత్తని కుంచెతో దుమ్ము తుడవడం, నిమ్మగడ్డి నూనె పలుచగా పట్టించడం, పలకల నడుమ పెట్టి తిరిగి కట్టడం అతని పని. చదువు తక్కువ. పాత లిపిని ధారాళంగా చదవలేడు. కాని ముప్ఫై ఏండ్లుగా ఆకులను ముట్టిన వేళ్లు అతనివి. యువకుడు నిరాశతో కట్ట తిరిగి ఇస్తున్నప్పుడు అతడు సంకోచిస్తూనే ఒక మాట అన్నాడు.

“మాస్టారూ, ఆ వైద్యం కట్ట ఒకటుంది చూడండి, అందులో అడుగున ఓ ఇరవై ఆకులు వేరే చేతి వ్రాతండీ. ఆకు కొలత కూడా రవ్వంత పొట్టి. నూనె రాసేటప్పుడల్లా అనుకుంటాను, ఇవి దీంట్లోవి కావేమోనని. మీరు చూసే కట్టలో అక్షరం తీరూ ఈ తీరూ ఒకేలా ఉన్నాయి.”

కట్ట విప్పినారు. పైన వైద్య గ్రంథం, అడుగున యక్షగానం. మొదట పట్టిక తయారు చేసినవారు మొదటి ఆకు చూసి పేరు వ్రాసుకొన్నందువల్ల రెండవది సూచీపత్రానికి ఎక్కలేదు. ఒకే కట్టలో పలు గ్రంథాలుండడం, మొదటిదాని పేరే మొత్తానికి నిలవడం ఈ రంగంలో పనిచేసేవారికి అనుభవంలోనిదే. విభాగపు పండితుడు రెండు రోజులు కూర్చుని ఆ ఆకుల వరుస సరిచేశాడు. మసి పూసి అక్షరాలను తేర్చిన మీదట ప్రతిలేఖకుడు శుద్ధప్రతి తీశాడు. అంచులు విరిగిన నాలుగు ఆకులను బైండరు జాగ్రత్తగా అతికి నిలబెట్టాడు. లోపించిన భాగం దొరికింది. సిద్ధాంత గ్రంథం నెగ్గింది, పట్టం వచ్చింది, కొంతకాలానికి పుస్తకం అచ్చయింది.

ఆ పుస్తకపు పీఠికలో పర్యవేక్షకునికి ఒక పుట, విశ్వవిద్యాలయాధికారులకు ఒక పేరా, ముద్రాపకునికి రెండు వాక్యాలు ఉన్నాయి. చివర ‘గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు’ అని మూడు మాటలు. వ్రాసినవాడు కృతఘ్నుడు కాడు. నాలుగేండ్లు రోజూ చూసిన ఆ మనుషుల పేర్లు అతనికి తెలియవు, అంతే. అందరినీ ‘ఏమండీ’ అనే పిలుస్తూ వచ్చాడు. ఆ ‘ఏమండీ’లో గౌరవం ఉన్నది గాని గుర్తింపు లేదు. ఇప్పుడు శోధగంగ వంటి భాండాగారాలలో దేశంలోని సిద్ధాంత గ్రంథాలు వేలకొలది అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటి కృతజ్ఞతా పుటలను తిరగవేసినవారికి ఈ మూడు మాటల వాక్యం ఎంత అలవాటుగా కనిపిస్తుందో చెప్పనక్కరలేదు.

అదే గ్రంథాలయంలో కొంతకాలానికి ఉత్తమ సేవకు బహుమతి ఇవ్వాలని అధికారులు తలపెట్టారు. సంకల్పం ఉదాత్తమైనదే. రంగనాథన్ జయంతి సందర్భంగా ఆగస్టు 12న జాతీయ గ్రంథపాలకుల దినోత్సవం జరుపుకోవడం, నవంబరు 14 నుండి గ్రంథాలయ వారోత్సవాలు జరపడం మనకు వాడుకే. ఎంపికకు ఒక పట్టిక తయారైంది. ఎన్ని పుస్తకాలు ఇచ్చారు, ఎన్ని పుస్తకాలను సూచీకరించారు, ఎన్ని రోజులు హాజరయ్యారు అన్నవి అందులోని గడులు. లిఖిత గ్రంథ విభాగం ఎవరికీ పుస్తకం ఇంటికివ్వదు. కనుక మొదటి గడిలో సున్న పడింది. బహుమతి ఇచ్చి పుచ్చుకొనే విభాగంలోని ఉద్యోగికి దక్కింది. ఆయన సమర్థుడే, అర్హుడే. శాలువా కప్పుకొని క్రిందికి దిగిన తరువాత ఆయన మొగంలో సంతోషంతోపాటు ఒక ఇబ్బంది కూడా కనిపించిందని అక్కడివారు చెప్పుకున్నారు. తాను అంత వేగంగా పుస్తకాలివ్వడానికి కారణం ప్రతి సాయంత్రమూ అరలు సవరించే ఇద్దరు సహచరులని ఆయనకు తెలుసు.

ఇందులో తప్పు వ్యక్తులది కాదు, కొలతది. గ్రంథాలయ సేవలో ఎక్కువ భాగం ఏదీ జరగకుండా ఉన్నప్పుడే సఫలమైనట్లు. పుస్తకం తప్పిపోలేదు, పురుగు పట్టలేదు, చెమ్మ చేరలేదు, పాఠకుడు వెతుకులాడలేదు. జరగని నష్టాన్ని ఏ గడిలో వ్రాస్తారు? తప్పుచోట పెట్టిన పుస్తకం లేనిదానితో సమానమని గ్రంథాలయాలలో ఒక నానుడి. దాన్ని సరిచోట పెట్టినవాడు ఒక పుస్తకాన్ని తిరిగి సృష్టించినట్లే. అయినా అతని పని అంకెలకు అందదు.

నష్టాన్ని గూర్చి మాత్రం మన వ్యవస్థ వివరంగానే వ్రాసుకున్నది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం ఇరవై వేల సంపుటాల వరకు ఉన్న గ్రంథాలయాన్ని ఏటా పూర్తిగా తనిఖీ చేయాలి. ఇరవై వేలు దాటి యాభై వేల వరకు ఉంటే మూడేండ్ల కొకసారైనా చేయాలి. అంతకు మించితే మూడేండ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ జరపాలి. ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోవడం, మోసమో నిర్లక్ష్యమో లేనప్పుడు, సహజమేనని ఆ నియమావళి అంగీకరించింది. ఉద్యోగుల భయాన్ని కొంత తగ్గించిన నియమమిది. అయితే పోయిన అయిదింటికి లెక్క ఉన్నట్లు నిలిచిన తొమ్మిది వందల తొంభై అయిదింటికి లెక్క లేదు. అవి వాటంతట అవే నిలవలేదు.

జీతం తీసుకొని చేసే పనికి ప్రత్యేకమైన గుర్తింపు ఎందుకని కొందరు ఆక్షేపిస్తారు. ఆక్షేపణ నిరాకరింపదగినది కాదు, విచారింపదగినది. లేఖకుడూ ఊరక వ్రాయలేదు. గ్రంథం వ్రాయించుకొన్నవారు అతనికి సంభావన ఇచ్చే ఉంటారు. అయినా చివరి ఆకుమీద అతని పేరు నిలవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సంభావన శ్రమకు వెల, పేరు బాధ్యతకు గురుతు. ఈ ప్రతిలోని పాఠానికి నేను జవాబుదారిని అని చెప్పడమే ఆ సంతకం. ఆ విధంగా చూస్తే పేర్లు వ్రాయడం పొగడ్త కాదు, శాస్త్రావశ్యకత. ఒక కట్టను ఎవరు విప్పి వరుస పెట్టారో, ఎవరు ప్రతిలేఖనం చేశారో తెలిస్తే తరువాతి పరిష్కర్త ఏ తప్పు ఎక్కడ ప్రవేశించిందో గుర్తించగలడు. పేరు లేని సేవ మరుగున పడడమే కాక, పరిశోధన క్రమంలో ఒక లంకెను తెంపుతుంది.

యంత్రయుగంలో ఈ అవసరం తగ్గలేదు, పెరిగింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలపడానికి 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఏర్పడింది. 2003లో జాతీయ రాతప్రతుల సమితి ప్రారంభమైంది. కార్డు సూచికలు కంప్యూటరులోకి మారాయి, తాళపత్రాలకు ఛాయాప్రతులు తీస్తున్నారు. తెరమీద ఆకు చూసేవానికి అది యంత్రం తెచ్చినట్లే కనిపిస్తుంది. విరిగే ఆకును విరగకుండా తిప్పిన చేయి, వెలుతురు సరిచేసిన చేయి, సంఖ్య తప్పకుండా నమోదు చేసిన చేయి చిత్రం అంచుకు ఆవలే ఉండిపోతాయి. ఒక్క ఆకు తిరగబడి పడితే గ్రంథం క్రమమే మారుతుంది. పూర్వం పాఠకుడు చివరి చేతినైనా చూసేవాడు. ఇప్పుడు అదీ కనిపించదు.

కావలసినవి పెద్ద వ్యయాలు కావు. వివరణాత్మక సూచీపత్రం అచ్చు వేసినప్పుడు సంపాదకుని పేరుతోపాటు ఆకులు శుభ్రపరచినవారు, వరుస కూర్చినవారు, ప్రతులు తీసినవారు ఎవరో చివరి పుటలో చెప్పవచ్చును. ప్రతిలేఖనానికి లేఖకుని పేరు, తేదీ తప్పనిసరి చేయవచ్చును. బహుమతి ఇచ్చేటప్పుడు వ్యక్తికి బదులు ఒక పనిని ఎంచుకొని, ఆ పనిలో పాల్గొన్న వారందరినీ పనిక్రమంలో పేర్కొనవచ్చును. పరిశోధకుని చేత కృతజ్ఞతాపుట వ్రాయించే పర్యవేక్షకుడు ‘ఎవరికి, దేనికి’ అని ఒక్క ప్రశ్న వేయవచ్చును. ప్రాచ్య కళాశాలలలో పాఠ పరిష్కరణం బోధించేవారికి ఇది మరీ సులువు. లేఖకుని చివరి వాక్యాలను పాఠంగా చెప్పే గంటలోనే తమ గ్రంథాలయంలో ఆ పని ఇప్పుడు చేస్తున్నవారి పేర్లు విద్యార్థుల చేత చెప్పించవచ్చును.

యక్షగానం పరిష్కర్తకు ఈ ప్రశ్న ఆలస్యంగా తోచింది. పుస్తకం రెండవ ముద్రణకు వచ్చేనాటికి ఆయన ఒక కళాశాలలో ఉపన్యాసకుడు. తన విద్యార్థికి లేఖకుని ముగింపు వాక్యాన్ని వివరిస్తుండగా, ‘మన పుస్తకంలో ఈ ఆకులు చూపినవారి పేరు లేదేమండీ?’ అని ఆ కుర్రవాడు అడిగినాడు. అడిగినవానికి అది సందేహమే. విన్నవానికి రాత్రి నిద్ర పట్టలేదు. సెలవులలో ఆయన ఆ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. రికార్డు అసిస్టెంటు పదవీ విరమణ చేసి కొన్నేండ్లయింది. ఇల్లు వెదకి పట్టుకొని, వచ్చిన పని చెప్పాడు.

ముసలాయన తన పేరు చెప్పడానికి మొగమాటపడ్డాడు గాని మిగిలినవారి పేర్లు వ్రేళ్లమీద లెక్కించి చెప్పాడు. పండితుడు, ప్రతిలేఖకుడు, బైండరు. నాలుగు పేర్లు కాగితంమీద పడ్డాయి. వచ్చినాయన లేవబోతుండగా ఆగమన్నాడు.

“ఇంకొకడున్నాడు మాస్టారూ. రాత్రి కాపలాకి రోజుకూలీ మీద వచ్చేవాడు. ఒక ఏడు తుపానుకి ఆ మూల పైకప్పు కారింది. వాడొక్కడే ఆ రాత్రి కట్టలన్నీ మోసి గడపవతల గదిలో పెట్టాడు. తెల్లారి మేము వెళ్లేసరికి తడిసి కూచున్నాడు, కట్టలు పొడిగా ఉన్నాయి. మీ వైద్యం కట్ట ఆ మూల బీరువాలోదే. వాడు లేకపోతే నేను చూసేదేమిటి, మీరు చదివేదేమిటి?”

ఆ మనిషి అప్పటికే పోయినాడు. రోజుకూలీ కనుక సిబ్బంది పట్టికలో అతని పేరు లేదు. కార్యాలయంలో అడిగినా తెలిసేది కాదు. ఒక వృద్ధుని జ్ఞాపకంలో తప్ప ఆ పేరు మరెక్కడా లేదు.

రెండవ ముద్రణలో చివరి పుట కొత్తగా చేరింది. అందులో అయిదు పేర్లు, ప్రతి పేరు ప్రక్కన చేసిన పని, హోదాల వరుసలో గాక పనులు జరిగిన వరుసలో ఉన్నాయి. కనుక కాపలాదారు పేరు మొదట, పండితుని పేరు నాలుగవది, ప్రతిలేఖకుని పేరు చివర వచ్చాయి. పండితుడు ఆ వరుస చూసి, సరిగా ఉన్నదన్నాడట. ముసలాయనకు పుస్తకం అందినప్పుడు తన పేరున్నచోట వ్రేలు నిలపలేదు. పై పంక్తి రెండుసార్లు చదివించుకొని, “వాళ్లింటికి ఒక ప్రతి పంపారా?” అని అడిగినాడు. పంపారని విన్న తరువాతనే పుస్తకం మూసినాడు.

ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరింది. పరిగ్రహణ విభాగంలో ఎవరో దానికి సంఖ్య వేశారు, మరెవరో వీపున చీటీ అంటించారు, ఇంకెవరో అరలో పెట్టారు. లిఖిత గ్రంథ విభాగంలో ఆ వైద్యపు కట్టకు కొత్త చీటీ కట్టారు. దానిమీద ఇప్పుడు రెండు గ్రంథాల పేర్లున్నాయి. చీటీ వ్రాసిన ఉద్యోగి అడుగున తేదీ వేసి, చిన్న అక్షరాలతో తన పేరు కూడా వ్రాసింది.